మూడేళ్ల కిందటి ఎండ, ఈ ఏటి దింపు

కోనసీమలో కొబ్బరి చెట్టును ఇంటికి పెద్దకొడుకు అంటారు. ఉద్దానంలోనూ అదే మాట. మొక్క నాటి, నాలుగేళ్లు నీళ్లు పోసి వదిలేస్తే ఆ తర్వాత అదే ఇంటిని చూసుకుంటుందన్న నమ్మకం ఆ మాటలో ఉంది. చాలా తోటలకు చేటు తెచ్చింది ఆ నమ్మకమే. కొబ్బరికీ పోషణ కావాలి. కాకపోతే పోషణ ఆపేసిన సంగతి చెట్టు వెంటనే చెప్పదు. వరికి ఎరువు తప్పితే ఆ పంటలోనే తెలిసిపోతుంది. కొబ్బరికి తప్పితే రెండేళ్ల దాకా దింపులో పెద్ద తేడా రాకపోవచ్చు. తేడా వచ్చేసరికి రైతు ఆ సంగతే మరిచిపోయి, కాపు తగ్గడానికి ఇంకేదో కారణం వెతుక్కుంటాడు.

ఈ ఆలస్యం చెట్టు నిర్మాణంలోనే ఉంది. ఆరోగ్యంగా ఉన్న పొడవు రకం చెట్టు నెలకు దాదాపు ఒక ఆకు చొప్పున, ఏడాదికి పన్నెండు నుంచి పద్నాలుగు ఆకులు వేస్తుంది. ప్రతి ఆకు చంకలోనూ ఒక పూగెల పుడుతుంది. అంటే ఏడాదికి ఎన్ని ఆకులో, చెట్టుకు వచ్చే అవకాశం ఉన్న గెలలు కూడా అన్నే. అయితే ఆ పూగెల బయటికి వచ్చి విచ్చుకునే రోజున పుట్టినది కాదు. అంతకు దాదాపు 32 నెలల ముందే, చెట్టు తల మధ్యలోని మొవ్వు లోపల కంటికి కనిపించని మొగ్గగా అది మొదలవుతుంది. విచ్చుకున్నాక కాయ ముదరడానికి ఇంకో పన్నెండు నెలలు. మొత్తం కలిపితే మూడున్నరేళ్లు దాటుతుంది. ఈ వేసవిలో దింపిన కాయ వెనక మూడు వేసవుల కిందటి నీళ్లు, అప్పటి ఎరువు, అప్పటి ఎండ ఉన్నాయి.

మధ్యలో దెబ్బ ఏ దశలో తగిలితే నష్టం ఆ దశకు తగ్గ రూపంలో వస్తుంది. మొగ్గ దశలోనే గట్టి ఎండ తగిలితే గెల లోపలే మాడిపోతుంది, ఆ ఆకు చంక ఖాళీగా మిగులుతుంది. ఇంకొంచెం ఆలస్యంగా తగిలితే గెల వస్తుంది గానీ అందులో ఆడపూలు తక్కువగా ఉంటాయి. గెల విచ్చుకున్న తొలి రెండు మూడు నెలల్లో తగిలితే పిందె రాలుతుంది. ఆ తర్వాతైతే కాయ నిలుస్తుంది కానీ చిన్నదవుతుంది, కొబ్బరి పల్చబడుతుంది. వీటిలో రైతు కంటికి గట్టిగా ఆనేది పిందె రాలడం ఒక్కటే. నేల మీద కనిపిస్తుంది కాబట్టి టెన్షన్ పడి వెంటనే మందుల దుకాణానికి వెళ్తారు. నిజానికి కొంత పిందె రాలడం చెట్టుకు మామూలే. పెద్ద నష్టం మిగిలిన దశల్లో, చప్పుడు లేకుండా జరిగిపోతుంది.

"కాపు పెంచే టానిక్కు"ల వ్యాపారానికి మూలం కూడా ఈ ఆలస్యమే. ఒక ఏడు కాపు పడిపోతుంది, ఏదో మందు వేస్తారు, మరుసటి ఏడు కాయ పెరుగుతుంది. ఆ పెరుగుదల రెండు మూడేళ్ల కిందట పడ్డ మంచి వానల పుణ్యం కావచ్చు. పేరు మాత్రం మందుకు వస్తుంది.

ధరకూ, పోషణకూ మధ్య కూడా ఇలాంటి ఎడమే ఉంది. అంబాజీపేట మార్కెట్లో కురిడీలైతే, అంటే లోపల నీరు ఇంకి చిప్పలోనే ఎండిన కాయలైతే, గండేరా, గటగట అని, నీటికాయైతే ముక్కుడు కాయ అని, రకాన్ని బట్టి వెయ్యి కాయల లెక్కన ధర పలుకుతుంది. ధర పడిపోయిన ఏడు మొదట ఆగేది ఎరువు ఖర్చు. 2025లోలాగ ధర బాగా పెరిగినప్పుడు అందరూ ఒక్కసారిగా తోట మీద శ్రద్ధ పెడతారు. కానీ మంచి ధర ఉన్న ఏడు వేసిన ఎరువు ఫలితం పూర్తిగా చేతికందేసరికి మూడేళ్లు గడుస్తాయి, అప్పటికి ధర ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. చవక రోజుల్లో ఆపేసిన ఎరువు నష్టం మంచి ధర రోజుల్లో బయటపడుతుంది. ధరను చూసి కొబ్బరిని పోషించడం ఈ లెక్కన దాదాపు ఎప్పుడూ తప్పు సమయంలోనే జరుగుతుంది. ఏటా కొంచెమైనా సరే, ఆపకుండా వేసేవాడికే లాభం.

ఎంత వేయాలన్నది పెద్ద రహస్యం కాదు. కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ సాధారణ సిఫారసు ప్రకారం కాపుకొచ్చిన చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1,200 గ్రాముల పొటాష్ అవసరం. ఎరువుల లెక్కలో చెబితే సుమారు కిలో యూరియా, రెండు కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, రెండు కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. దీన్ని తొలకరి తర్వాత ఒకసారి, వర్షాలు తగ్గే ముందు మరోసారి, రెండు దఫాలుగా నేలలో తేమ ఉన్నప్పుడు వేయాలి. లేత మొక్కకు మొదటి ఏడు ఇందులో పదో వంతు, రెండో ఏడు మూడో వంతు, మూడో ఏడు మూడింట రెండు వంతులు, నాలుగో ఏటి నుంచి పూర్తి మోతాదు. పశువుల ఎరువో, పచ్చిరొట్టో దీనికి తోడు ఉండాలి, ముఖ్యంగా ఉద్దానం ఇసుక నేలల్లో. అక్కడ నేల ఏదీ పట్టి ఉంచదు.

మోతాదు కన్నా ఎక్కువగా తప్పు జరిగేది వేసే చోటులో. కొబ్బరికి తల్లివేరు ఉండదు. కాండం అడుగు నుంచి వేల సంఖ్యలో తాడు వేళ్లు నలువైపులా వెళ్తాయి. ఆహారం తీసుకునే వేళ్లలో ఎక్కువ భాగం చెట్టు నుంచి ఆరడుగుల లోపే ఉంటాయి గానీ మొదలును ఆనుకొని ఉండవు. చెట్టు మొదట్లో గుప్పెడు గుప్పెడు కుమ్మరించిపోతే సగం ఎరువు వృథా. చెట్టు చుట్టూ ఆరడుగుల దాకా పళ్లెంలా గుంత చేసి, మొదలుకు ఎడంగా చల్లి, మట్టితో కప్పి నీళ్లు పెట్టాలి.

పొటాష్ సంగతి కాస్త విడిగా చెప్పుకోవాలి. కాయతో పాటు తోటలోంచి బయటికి పోయే పోషకాల్లో పెద్దది ఇదే, అందులోనూ ఎక్కువ భాగం డొక్కలో, అంటే కాయ పైనుండే పీచులో ఉంటుంది. కాయను డొక్కతో సహా లారీకి ఎక్కించే తోట ఏటా తన పొటాష్‌ను తానే అమ్ముకుంటున్నట్టు లెక్క. ఒలుపు తోటలోనే జరిగితే ఆ డొక్కల్ని వరసల మధ్య కందకాల్లో, గుంత వైపు పైకి ఉండేలా పేర్చి మట్టి కప్పేవాళ్లున్నారు. అయిదారేళ్ల పాటు అవి వాన నీటిని పట్టి ఉంచుతాయి, పొటాష్‌నూ మెల్లగా నేలకు ఇస్తాయి. ఖర్చు తక్కువ, పని ఎక్కువ. కూలీల కొరత ఉన్న చోట ఈ పద్ధతి మాయమవుతున్నదీ అందుకే.

నాటేటప్పుడు గుంతలో ఉప్పు వేయడం పాత అలవాటు. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయలేం. చాలా పంటలకు క్లోరిన్ లేశమాత్రం చాలు, కొబ్బరికి మాత్రం గణనీయంగా కావాలి. ఆకు రంధ్రాలు మూసుకుని తెరుచుకుని నీటిని కాపాడుకోవడంలో దానికి పాత్ర ఉంది. సముద్రపు గాలి సోకే చోట అది ఎలాగూ అందుతుంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేసే తోటకు అందులోనే క్లోరిన్ వస్తుంది కాబట్టి మళ్లీ ఉప్పు అక్కర్లేదు.

ఇక్కడి నుంచే ఇంకో అపోహ పుట్టింది, కొబ్బరి ఉప్పునీళ్లకు చావదని. ఇది సగమే నిజం. బీచ్ ఒడ్డున ఇసుకలో చెట్టు బతకడానికి కారణం ఉప్పును ఓర్చుకోవడం ఒక్కటే కాదు. ఆ ఇసుకలో నీరు నిలవదు. పోటుకు వచ్చి పాటుకు పోతుంది, వాన పడితే ఉప్పు కడుక్కుపోతుంది, వేరుకు గాలి ఆడుతుంది. అదే ఉప్పునీరు నల్లరేగడి ఒండ్రులో చేరి కదలకుండా నిలిచిపోతే కథ వేరు. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట తోటలు ఎండిపోవడం ఈ తేడాకు కళ్లెదుటి ఉదాహరణ. సముద్రపు పోటు నీరు డ్రెయిన్ గుండా వెనక్కి ఎక్కి తోటల్లోకి చేరింది, ముంపు నీరు దిగిపోలేదు. పైకి చూస్తే మొదట మట్టలు చిన్నవవుతాయి, కింది మట్టలు వేలాడతాయి, తల సన్నబడుతుంది, గెలలు తగ్గుతాయి. చివరికి తల ఊడి మొండెం మిగులుతుంది. ఇదంతా ఒక్క ముంపుతో జరగదు, ఏళ్ల తరబడి సాగుతుంది. చెట్టు తల వాల్చిన ఏడు కాదు, వేళ్లకు గాలి ఆడడం ఆగిన ఏడు అసలు నష్టం జరిగింది.

ఇలాంటి చోట ఎరువు, మందు, రకం మార్చడం ఏవీ పనిచేయవు. డ్రెయిన్ పూడిక తీయడం, పోటు నీరు వెనక్కి రాకుండా లాకులు సరిగా పనిచేయడం, తోటలో బోదెలు తవ్వి నీటిని దించడం, ఇవే వైద్యం. వీటిలో చివరిదే రైతు చేతిలో ఉంది. పక్క పొలంలో రొయ్యల చెరువు తవ్వితే ఆ ఊట కూడా దీనికి తోడవుతుంది. చెరువు గట్టుకూ తోటకూ మధ్య ఒక లోతైన కాలువ లేకుండా ఆ రెండూ పక్కపక్కన ఉండడం కొబ్బరికి మంచిది కాదని గట్టిగానే చెప్పాలి.

కొబ్బరికి రెండో బలహీనత మొవ్వు. మామిడి కొమ్మ విరిగితే పక్క నుంచి చిగురు వేస్తుంది. కొబ్బరికి పెరిగే చోటు ఒక్కటే, అది తల మధ్యలో ఉంది. అది పోతే చెట్టు పోయినట్టే. కాండానికి తగిలిన గాయం కూడా మానదు. మేకు కొట్టినా, ఎక్కడానికి మెట్లు నరికినా ఆ గుర్తు చెట్టు ఉన్నంతకాలం ఉంటుంది, ఎర్రముక్కు పురుగుకు గుడ్లు పెట్టే చోటు అవుతుంది. పెళ్లి పందిళ్లకు పచ్చి మట్టలు నరకడం మనకు అలవాటే. ప్రతి పచ్చి మట్టా దాని చంకలోని గెలకు తిండి పెడుతోందన్నది ఒక సంగతి, నరికిన తాజా గాయం పురుగును పిలుస్తుందన్నది ఇంకో సంగతి. తప్పనిసరై నరికితే కాండం నుంచి నాలుగడుగుల మొరడు వదిలి నరకాలి.

కొమ్ము పురుగు ఈ మొవ్వు మీదికే వస్తుంది. ఇంకా విచ్చుకోని ఆకును తొలిచి లోపలికి దూరుతుంది. ఆ ఆకు విచ్చుకున్నాక రెమ్మల మీద ఇంగ్లిషు వి (V) ఆకారపు కోతలు కనిపిస్తాయి. కోతలు కనిపించే నాటికి పురుగు తన పని చేసుకుని వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి దాన్ని చెట్టు మీద వెతకడం కన్నా పుట్టేచోట పట్టుకోవడం తెలివైన పని. పేడ దిబ్బల్లో, కుళ్లిన మొద్దుల్లో దాని పిల్లపురుగులు పెరుగుతాయి. దిబ్బను తిరగేసి ఏరేయడం, మెటారైజియం అనే శిలీంధ్రాన్ని దిబ్బలో కలపడం ఊరంతా చేస్తేనే ఫలితం. ఒక్కడు చేస్తే పక్కింటి దిబ్బ నుంచి ఎగిరొస్తుంది. లేత చెట్లకు మొవ్వు దగ్గరి మట్ట చంకల్లో వేపపిండి, ఇసుక కలిపి వేస్తే కొంత రక్షణ.

ఎర్రముక్కు పురుగు ఇంతకన్నా ప్రమాదకరం, చెట్టును నేరుగా చంపేస్తుంది. అనుమానం ఉన్న చెట్టు కాండానికి చెవి ఆనిస్తే లోపల పురుగులు కొరికే కరకర శబ్దం వినబడుతుంది. రంధ్రాల నుంచి నమిలిన పీచు, గోధుమ రంగు జిగురు బయటికి వస్తాయి. ఈ దశలో కూడా కొన్ని చెట్లు దక్కుతాయి. మొవ్వు వాలిపోతే దక్కవు.

ఇవన్నీ పైకి ఎక్కి చూసేవాడికే తెలుస్తాయి. ఒకప్పుడు నెలా రెండు నెలలకోసారి దింపు కార్మికుడు ప్రతి చెట్టూ ఎక్కేవాడు. కాయ దింపడంతో పాటు ఎండు మట్టలు లాగడం, మొవ్వు శుభ్రం చేయడం, కొమ్ము పురుగు కనిపిస్తే ఇనుప చువ్వతో గుచ్చి తీయడం కూడా ఆ పనిలో భాగమే. ఇప్పుడు ఆ పనికి కొత్తవాళ్లు రావడం తగ్గింది, కూలి పెరిగింది. దింపుల మధ్య వ్యవధి పెరిగింది. కాయ ఎలాగూ ముదిరితే తానే రాలుతుంది కాబట్టి ఇందులో నష్టం లేదనిపిస్తుంది. కానీ చెట్టు తలను చూసే మనిషి లేకుండా పోయాడు. వానాకాలంలో మొవ్వు కుళ్లు వస్తే మొదటి గుర్తు మధ్యలోని లేత ఆకు వాడిపోవడం. అప్పుడే కుళ్లిన భాగం కోసేసి మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు పూస్తే చెట్టు బతుకుతుంది. కింద నిలబడి చూసేవాడికి అది కనిపించేసరికి ఆకు పట్టుకుంటే ఊడివస్తుంది, దుర్వాసన వేస్తుంది.

తెల్లదోమది పూర్తిగా వేరే కథ. సర్పిలాకార తెల్లదోమ మధ్య అమెరికా వైపు పురుగు. మన దేశంలో మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచి ప్రాంతంలో బయటపడి, కొద్దికాలంలోనే గోదావరి జిల్లాలకు చేరింది. ఆకు అడుగున తెల్లటి మైనంతో సుడులు సుడులుగా గుడ్లు పెడుతుంది. రసం పీల్చి విసర్జించే తేనెబంక కింది ఆకుల మీద పడి, దాని మీద నల్లటి మసి బూజు పెరుగుతుంది. చెట్టంతా నల్లబడి చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, కింద అరటి, జామ కూడా మసి పడతాయి. ఆ రూపం చూసి పురుగుమందు కొట్టడమే అందరూ చేసే పని. ఇక్కడ తొందర ఎదురుతిరుగుతుంది. ఎన్‌కార్సియా అనే చాలా చిన్న కందిరీగ ఈ దోమ పిల్లల లోపల గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. పురుగుమందుకు దోమ కన్నా ముందు అది చస్తుంది. ఒక ఆకు తెచ్చి భూతద్దంలో అడుగు భాగం చూస్తే తోట పరిస్థితి తెలిసిపోతుంది. ఖాళీ డొప్పల మీద ఇంగ్లిషు టి (T) ఆకారపు చీలిక ఉంటే దోమ పెరిగి ఎగిరిపోయింది. గుండ్రటి రంధ్రం ఉంటే కందిరీగ బయటికి వచ్చింది. గుండ్రటి రంధ్రాలు బాగా కనిపిస్తున్న తోటలో మందు కొట్టడం అంటే సొంత సైన్యాన్ని చంపుకోవడమే. అలాంటి చోట గట్టిగా నీళ్లు కొట్టి ఆకు కడగడం, మసికి గంజి పిచికారీ చేయడం, మరీ ఎక్కువైతే వేపనూనె, ఇంతవరకే. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం దోమను చంపే ఐసేరియా శిలీంధ్రాన్నీ, మిత్ర పురుగులనూ ప్రోత్సహిస్తున్నది ఈ కారణంతోనే.

గానోడెర్మా అనే శిలీంధ్రం తెచ్చే తెగులు మళ్లీ ఆలస్యంగా చెప్పేదే. కాండం అడుగున గోధుమ రంగు బంక కారుతూ కనిపించేసరికి లోపల వేళ్లలో చాలా భాగం కుళ్లి ఉంటాయి. ఇది మట్టి ద్వారా, వేళ్ల ద్వారా పక్క చెట్టుకు పాకుతుంది. ఒక చెట్టు పళ్లెం నుంచి ఇంకో చెట్టు పళ్లానికి నీరు పారించే పద్ధతి దీన్ని స్వయంగా మోసుకెళ్తుంది. రోగం ఉన్న చెట్టు చుట్టూ కందకం తవ్వి వేరు చేయడం, చుట్టూ ఉన్న మంచి చెట్లకు వేపపిండిలో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం కలిపి వేయడం సిఫారసు. బంక కారే చెట్టు కన్నా దాని పక్క చెట్ల మీద ఖర్చు పెట్టడం మేలు.

ఇక ఈ ఆలస్యం అన్నిటికన్నా ఖరీదుగా తగిలేది మొక్క కొనేటప్పుడు. పొడవు రకం ఆరేడేళ్లకు గానీ కాపుకు రాదు. నర్సరీలో మోసపోయిన సంగతి తెలిసేది అప్పుడే. పొడవు రకాల్లో పరపరాగ సంపర్కం ఎక్కువ, కాబట్టి మంచి చెట్టు కాయ నాటినా పిల్ల అచ్చు తల్లిలా రావాలని లేదు. సంకర రకం చెట్టు కాయలు నాటితే అసలే రాదు. "హైబ్రిడ్ చెట్టు విత్తనం" అని అమ్మేవాడి దగ్గర కొనకూడదు. మన గంగబోండాం ఈ విషయంలో గర్వపడాల్సిన పొట్టి రకం. దానితో తూర్పుకోస్తా పొడవు రకాన్ని కలిపి అంబాజీపేటలో గోదావరి గంగను తయారుచేశారు, పశ్చిమ కోస్తా రకంతో కలిపితే వచ్చిందే కేరగంగ. సంకర రకాలు త్వరగా కాపుకు వస్తాయి గానీ పోషణ తగ్గితే దేశవాళీ పొడవు రకం కన్నా ముందు చతికిలబడతాయి. నీళ్లకు గ్యారంటీ లేని చోట దేశవాళీయే నయం. మొక్కలో చూడాల్సినవి మరీ ఎక్కువేం లేవు. తొమ్మిది నుంచి పన్నెండు నెలల వయసు, కనీసం ఆరు ఆకులు, మొదలు చుట్టుకొలత పది సెంటీమీటర్లు, ఆకు ఈనెలుగా త్వరగా చీలడం. నర్సరీ మడిలో ఆలస్యంగా మొలిచినవీ, సన్నగా సాగినవీ చవగ్గా ఇచ్చినా వద్దు.

దూరం విషయంలో పిసినారితనం బాగా కనిపిస్తుంది. ఎనిమిది మీటర్ల ఎడం పెడితే ఎకరానికి అరవై పైచిలుకు మొక్కలే పడతాయి, అది చూసి ఎనభై తొంభై ఇరికిస్తారు. పదేళ్ల తర్వాత మట్టలు ఒకదానిలో ఒకటి దూరి, వెలుతురు కోసం కాండాలు సన్నగా సాగుతాయి. అలాంటి చెట్లే గాలికి ముందు పడతాయి. సరైన ఎడం ఉంటే పాతికేళ్లు దాటిన తోటలో కింద కోకో పంటకో, కందకో, మిరియానికో చాలినంత వెలుతురు దిగుతుంది. అంతర పంటకు దాని ఎరువు దానికి విడిగా వేయాలన్నది మరవకూడదు.

తుపాను మాత్రం ఆలస్యం లేకుండా దెబ్బ కొడుతుంది. 1996 నవంబరు తుపాను కోనసీమను, 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ ఉద్దానాన్ని ఒక్క రాత్రిలో నేలమట్టం చేశాయి. కోలుకోవడం మాత్రం కొబ్బరి లెక్కలోనే జరుగుతుంది. తిత్లీ తర్వాత వెంటనే నాటిన దేశవాళీ మొక్క కాపు మొదలయ్యేది 2024, 2025 ప్రాంతంలో, పూర్తి కాపుకు ఇంకా కొన్నేళ్లు. ఈలోపు ఇంకో ఆపద ఉంది. పడిన మొద్దుల్ని తోటలోనే కుళ్లనిస్తే కొమ్ము పురుగులు వాటిలో పెరిగి సరిగ్గా ఈ లేత మొక్కల మీదికే వస్తాయి. నష్టపరిహారం లెక్కల్లో చెట్టు ధర ఉంటుంది గానీ మొద్దులు తొలగించే ఖర్చు, కాపు లేని ఆరేడేళ్ల జరుగుబాటు తక్కువగా లెక్కకొస్తాయి. నిలబడి ఉండి తల మెలితిరిగిన చెట్లను మాత్రం వెంటనే నరకకూడదు. మొవ్వు బతికి ఉంటే కొన్ని నెలల్లో కొత్త ఆకు కనిపిస్తుంది.

తోటంతా ఒకే వయసులో ఉండడం తుపానుకూ, ముసలితనానికీ రెంటికీ చిక్కే. అరవై దాటిన తోటను ఒక్కసారిగా నరికి కొత్తది వేయడానికి ఏ కుటుంబానికీ ధైర్యం చాలదు, ఆరేడేళ్లు చేతిలో డబ్బు ఆడదు. అందుకే పాత చెట్ల వరసల మధ్య ముందుగానే కొత్త మొక్కలు నాటి, అవి ఎదుగుతున్న కొద్దీ బాగా తక్కువ కాసే ముసలి చెట్లను మూడు నాలుగు విడతల్లో తీసేయడం ఎప్పటినుంచో చెబుతున్న పద్ధతి. తీసే చెట్టును ఎంచుకోవడానికి ఒక్క ఏటి కాపు చూస్తే చాలదు. వరసగా మూడు నాలుగేళ్ల దింపులో ఏ చెట్టు ఎన్ని కాయలిచ్చిందో రాసిపెట్టుకున్న లెక్క ఉండాలి. కాండం మీద సున్నంతో ఒక నంబరు, ఇంట్లో ఒక నోటుపుస్తకం ఉంటే ఆ లెక్కకు చాలు.